పందొమ్మిదో బిళ్ల

బోర్డు మీద పందొమ్మిది ఇత్తడి బిళ్లలు వేలాడుతున్నాయి. గనిలోంచి బయటికి వచ్చింది పద్దెనిమిది మంది. రానివాడు మా బాబాయి.

ఆ సంగతి తెలిసేసరికి మధ్యాహ్నం మూడూ నలభై అయింది. గని ముఖానికి ఇనుప ఊచల గేటు వేసేశారు. దాని తాళంచెవి రోజూలాగే మూడున్నర జీపులో కొండ కింద ఆఫీసుకి వెళ్ళిపోయింది. లోపల ఊరే నీళ్ళని తోడే పంపు కూడా ఆగిపోయింది.

గైడు నలభై ఏళ్ళ మనిషి, మైకు మింగినట్టు మాట్లాడుతుంది. బోర్డు ముందు నిలబడి ఒక్కో బిళ్లనీ వేలితో తాకుతూ మూడోసారి లెక్కపెట్టింది. లోపలికి వెళ్ళే ప్రతి మనిషికీ నంబరున్న బిళ్ల ఒకటి ఇస్తారు. బయటికి వచ్చాక ఎవరి బిళ్ల వాళ్ళు బోర్డుకి తగిలించాలి. గని నడిచిన రోజుల్లో కార్మికులకు అది చట్టం. ఇప్పుడు టూరిస్టులకి సరదా. బోర్డు నిండిందంటే లోపల ఎవరూ లేనట్టే కాబట్టి, మీ బాబాయి ఏ టీకొట్టులోనో కూర్చుని ఉంటాడని ఆవిడ వాదించింది.

టీకొట్టు చూశాను. ఆ ఊళ్ళో ఉన్నదంతా కలిపి ఒకటే వీధి. కొండ చరియకి అంటించినట్టు రేకుల ఇళ్ళు రెండు వరసలు, మూతపడిన మందుల షాపు, కార్మికుల స్నానాల గది, మ్యూజియం అని బోర్డు పెట్టిన పాత ఆస్పత్రి. పది నిమిషాల్లో అంతా తిరిగేశాను. విహారయాత్ర బస్సు డ్రైవరు హారన్ మీద హారన్ కొడుతున్నాడు. పొద్దు వాలాక పొగమంచులో ఘాట్ రోడ్డు దిగడం తన వల్ల కాదని అప్పటికే రెండుసార్లు చెప్పించాడు.

నేను తిరిగి వచ్చేసరికి గైడు ఇంకా బోర్డునే సాక్ష్యానికి పిలుస్తోంది.

"పందొమ్మిదో బిళ్ల ఎవరు తగిలించారు?"

అడిగింది టికెట్ల కిటికీ వెనక ఉన్న ముసలాయన. ఆ మనిషితో ఇక మాట్లాడకూడదని పొద్దున్నే అనుకున్నాను. కానీ ఆ ప్రశ్నకి జవాబు తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

"నేనే" అన్నాను.

సొరంగం మలుపులో బాబాయి తన బిళ్ల నా చేతిలో పెట్టాడు. మోకాళ్ళు లాగుతున్నాయనీ, వెనకాలే మెల్లగా వస్తాననీ, తనది కూడా నన్నే తగిలించమనీ అన్నాడు. తగిలించాను. నేను స్కూలు బస్సు నడుపుతాను. ఆఖరి సీటు దాకా నడిచి, సీట్ల కింద కూడా వంగి చూడకుండా పదకొండేళ్ళలో ఒక్కరోజు కూడా బస్సుకి తాళం వేయలేదు. ఆ అలవాటు నేర్పింది బాబాయే. మా ఇంట్లో రాత్రి తలుపు గడియ పెట్టే ముందు ప్రతి గదిలోకీ వెళ్ళి మనిషి మొహం చూసి మరీ వచ్చేవాడు. ఉన్నది ముగ్గురమే, ఈ చాదస్తమేమిటని అమ్మ విసుక్కునేది. అలాంటి మనిషి బిళ్ల ఇస్తే, ఎందుకని అడగకుండా తీసుకున్నాను.

ముసలాయన కిటికీ మూసి కర్ర పట్టుకుని బయటికి వచ్చాడు. జీపుని వెనక్కి పిలవమని గైడుకి చెప్పాడు. పిలిస్తే రావడానికి ఎంత లేదన్నా నలభై నిమిషాలు. పంపు మీట గేటుకి లోపల ఉంది. పంపు ఆగితే ముందుగా నీళ్ళు నిండేది మూడో పక్కసొరంగంలో. అది పల్లంలో ఉంది.

"మీ బాబాయి అక్కడే ఉంటాడు" అన్నాడాయన. "పైదారి ఉంది. దానికి తాళం లేదు, గొలుసే. నిచ్చెన దిగగలవా?"

మూడో పక్కసొరంగం అంటే ఏమిటో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ముప్పై రెండేళ్ళ కిందట మా నాన్న చచ్చిపోయింది అందులోనే. నేను పుట్టిన రోజున.

చంపింది ఈ ముసలాయనే. మా ఇంట్లో ఆయనకి పేరు లేదు, 'ఆ బిళ్లలవాడు' అంతే. ఆ రోజుల్లో బోర్డు ఆయన చేతిలో ఉండేది. రోజూ మూడు గంటలకి రాతిలో మందు పేల్చేవాళ్ళు. బోర్డు నిండితేనే పేల్చాలి. ఆ రోజు నాన్న లోపల ఉండగానే నాన్న బిళ్ల బోర్డు మీద ఉంది. మొహం చూడకుండా బిళ్ల తగిలించానని విచారణలో ఆయనే ఒప్పుకున్నాడు. రెండేళ్ళు జైల్లో ఉన్నాడు. వదిలేశాక మళ్ళీ ఈ ఊరికే వచ్చాడని విన్నాం. పొద్దున టికెట్ల కిటికీలో ఆ మొహం చూసి అమ్మ మెడ తిప్పేసుకుంది. లోపలికి రాకుండా బెంచీ మీద కూర్చుండిపోయింది. నేను ఊరుకోలేదు. టికెట్లు మొహాలు చూసి ఇస్తున్నావా, చూడకుండానే ఇస్తున్నావా అని అడిగాను. ఆయన తల ఎత్తకుండా పందొమ్మిది బిళ్లలు లెక్కపెట్టి ఇచ్చాడు. మా వెనకాల బాబాయి ఎందుకో చలికి వణికినట్టు వణికాడు.

ఇప్పుడు ఆ మనిషి వెనకాలే పరుగెత్తాల్సి వచ్చింది. అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. వాడితో వెళ్తావా అంది. నాకు బాబాయి కావాలమ్మా అన్నాను. చెయ్యి వదిలేసింది.

పైదారికి రెండు వందల మెట్లు, సగం విరిగినవి. డెబ్భై అయిదు దాటిన మనిషి ఆగకుండా ఎక్కుతున్నాడు. అసలు బాబాయి అక్కడికెందుకు వెళ్తాడని అడిగాను. కర్ర ముందు మెట్టు మీద ఆనించి ఇంకా ఎక్కాడు. ఈ ఊరి మాట ఎత్తితేనే కంచం ముందు నుంచి లేచిపోయే బాబాయి, పోయిన నెలలో ఉన్నట్టుండి ఒక్కసారి వెళ్ళొద్దాం అన్నాడు. అమ్మ ఆశ్చర్యపోయింది, తర్వాత సంతోషించింది. అన్నగారిని తలుచుకోవడానికి ఇన్నాళ్ళకి గుండె గట్టిపడింది అనుకుంది. ఇవన్నీ ఎక్కుతూ ఎక్కుతూ నేనే వాగాను. ముసలాయన ఒక్కచోట మాత్రం ఆగాడు.

"పెళ్ళి చేసుకోలేదా వాడు?"

"లేదు. నన్ను పెంచడమే సరిపోయింది."

తల ఊపి మళ్ళీ ఎక్కాడు.

మెట్లు ఎక్కి, కొండ అవతలి పల్లంలోకి దిగి, గొలుసు విప్పి చెక్క తలుపు తోశాం. గోడకి తగిలించిన హెల్మెట్ దీపాలు రెండు తీసి ఒకటి నాకు ఇచ్చాడు. నిచ్చెన ముప్పై అడుగులు ఉంటుంది, మెట్లన్నీ తడి. ముందు ఆయనే దిగాడు. కింద అడుగు పెట్టగానే చీలమండల దాకా మంచులాంటి నీళ్ళు. పది అడుగులు నడిచేసరికి పిక్కల దాకా వచ్చాయి. బాబాయీ అని అరిచాను. నా గొంతే నాలుగు మూలల నుంచీ తిరిగొచ్చింది.

సొరంగం కప్పు వంగి నడవాల్సినంత కిందికి దిగింది. ఆ చివర, రాళ్ళు కూలి దారి మూసుకుపోయిన చోట, గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు బాబాయి. నీళ్ళు పొట్ట దాకా ఉన్నాయి. దీపం ఆర్పేసుకున్నాడు. నా దీపం మొహం మీద పడితే చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

బతికే ఉన్నాడు. ఆ ఒక్క క్షణం నాకు ఇంకేమీ అక్కర్లేకపోయింది. నీళ్ళలో మోకాళ్ళ మీద కూలబడి ఆయన్ని పట్టుకున్నాను. ఒళ్ళు కొయ్యలా ఉంది, పళ్ళు టకటకలాడుతున్నాయి. నేను తిడుతున్నాను, ఏడుస్తున్నాను, భుజాలు రుద్దుతున్నాను. నీకేమైనా అయితే మేమేం కావాలి, మతి పోయిందా నీకు అని అడిగాను. ఆయన నన్ను చూడ్డం లేదు. నా భుజం మీదుగా ముసలాయన్ని చూస్తున్నాడు.

"ఎందుకు తీసుకొచ్చావు దాన్ని?" అన్నాడు.

"లేవరా ముందు" అన్నాడు ముసలాయన.

"ఇవాళ చెప్పేద్దామనే వచ్చాను. బస్సులో నాలుగుసార్లు నోరు తెరిచాను. నోరు తెరిచినప్పుడల్లా వదిన బిస్కెట్టు తీసి చేతిలో పెట్టింది, ఆకలేస్తోందనుకుని."

"ఒరేయ్, నోరు ముయ్యి. ముప్పై రెండేళ్ళు మోసింది ఇప్పుడు దించకు."

నేను ఇద్దరినీ మార్చి మార్చి చూశాను. ఏం చెప్పాలి బాబాయీ అన్నాను.

ఆయన చెప్పాడు. ఎక్కడా ఆగలేదు. ఎన్నిసార్లు మనసులో చెప్పుకున్నాడో, పాఠం అప్పజెప్పినట్టే చెప్పాడు.

ఆ రోజు పొద్దున అమ్మకి నొప్పులు మొదలయ్యాయి. బాబాయికి అప్పుడు ఇరవై రెండేళ్ళు. రాత్రి షిఫ్టు చేసి ఇంట్లో ఉన్నాడు. పురుడు పోయడానికి వచ్చిన మంత్రసాని, బిడ్డ అడ్డం తిరిగిందనీ, పరుగెత్తి వెళ్ళి అన్నని పిలుచుకురమ్మనీ పంపింది. బాబాయి గనిలోకి వచ్చాడు. కార్మికులు కోట్లు విప్పి తగిలించుకునే చోటు దాకా వచ్చాడు. అక్కడి నుంచి మూడో పక్కసొరంగం ఇంకో అరమైలు. వంగి నడవాలి, అంతా బురద. ఒంటి మీద ఇస్త్రీ చొక్కా ఉంది. స్నేహితులతో కొండ కింద మ్యాట్నీకి వెళ్దామని పొద్దున్నే తొడుక్కున్న చొక్కా. కిందికి దిగే బస్సు పన్నెండున్నరకి. సరిగ్గా అప్పుడే ట్రాలీ తోసుకుంటూ లోపలికి వెళ్తున్న మనిషి కనిపించాడు. మా అన్నతో చెప్పు, వదినకి నొప్పులు, వెంటనే ఇంటికి రమ్మను అని చెప్పాడు. వాడు సరేనన్నాడు.

అక్కడితో ఆగినా బాగుండేది.

ఇల్లు పైదారికి దగ్గర. తొందరగా వెళ్ళాల్సినవాళ్ళు పైదారిన వెళ్ళిపోయేవాళ్ళు. కొండ చుట్టూ తిరిగి గేటు దగ్గరికి రాలేక, తమ బిళ్లని తోటివాళ్ళతో పంపేవాళ్ళు. చట్టం ఒప్పుకోదు, కానీ ఊరంతా చేసేదే. అన్న ఎలాగూ పైదారినే పరుగెత్తుతాడు. బిళ్ల లేకపోతే మూడు గంటలకి బోర్డు నిండదు, పేలుడు ఆగుతుంది, అన్నకి జీతం కోస్తారు. అందుకని కోటు జేబులోంచి బిళ్ల తీసి, గేటు దగ్గర ఇచ్చి, అన్న వెళ్ళిపోయాడని చెప్పాడు. మేలు చేస్తున్నాననే అనుకున్నాడు.

ట్రాలీ మనిషిని మధ్యలో మేస్త్రీ ఇంకో సొరంగంలోకి మళ్ళించాడు. వాడు మరిచిపోయాడు.

"మూడింటికి నేను సినిమా హాల్లో ఉన్నాను" అన్నాడు బాబాయి. "సైరన్ వినిపించింది. పక్కవాణ్ణి అడిగాను, ఎవడు పోయాడో పాపం అని."

నీళ్ళు ఆయన పొట్ట మీద నుంచి పక్కటెముకల దాకా వచ్చాయి. నా చేతులు ఆయన భుజాల మీదే ఉన్నాయి. తీసేయాలో ఉంచాలో నాకు తెలియలేదు.

"మీరెందుకు చెప్పలేదు?" అని ముసలాయన్ని అడిగాను. జీవితంలో మొదటిసారి ఆయన్ని మీరు అన్నాను.

"నా తప్పు లేదనుకోకు తల్లీ. మొహం చూసి తగిలించడం నా పని. చూడలేదు. నేను జైలుకి పోవాల్సిందే." ఊపిరి తీసుకున్నాడు. "వీడి పేరు చెబితే వీడూ పోయేవాడు. మీ అమ్మ పురిట్లో ఉంది. నువ్వు గుప్పెడంత ఉన్నావు. ఆ ఇంట్లో ఇంకో మగాడు లేడు. నాకెవరున్నారు, ఎక్కడ కూర్చున్నా ఒకటే. పిల్లని చూసుకోరా అన్నాను. చూసుకున్నాడుగా."

చూసుకున్నాడు. స్కూల్లో తండ్రి సంతకం గీత మీద పెట్టింది ఆయనే. నాకు టైఫాయిడ్ వస్తే పదహారు రోజులు కుర్చీలో నిద్రపోయింది ఆయనే. స్టీరింగ్ మీద నా చేతులు పెట్టి, అద్దాలు మూడూ చూడకుండా అంగుళం కదిలితే చెవి మెలేస్తానన్నది ఆయనే. అదంతా ప్రేమా, లేక వేసుకున్న శిక్షా? ఆ నీళ్ళలో నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

ఆయన్ని నిచ్చెన ఎక్కించడం కుదరని పని. చెరో వైపూ పట్టుకుని పెద్ద సొరంగంలోకి నడిపించాం. టూరిస్టులు అటు రాకుండా కట్టిన తీగ కంచె ఒక మూల వంచి ఉంది. అక్కడే దూరాడన్నమాట. ముసలాయన దారిలో పంపు మీట వేశాడు. మోటారు మోత మొదలైంది. అరగంట నడిచాం. బాబాయి బరువంతా నా మీదే వేశాడు. చిన్నప్పుడు జాతరల్లో నన్ను భుజాల మీద మోసిన మనిషి ఇంత బరువుంటాడని అనుకోలేదు.

గేటు ఊచలు, వాటి వెనక వెలుతురు కనిపించాయి. జీపు ఇంకా రాలేదు. కొండ మలుపుల్లో ఎక్కడో దాని హారన్ వినిపిస్తోంది. ఊచలకి అవతల బస్సులోని జనమంతా నిలబడి ఉన్నారు. అందరికన్నా ముందు అమ్మ. ఊచల్లోంచి రెండు చేతులూ చాచి బాబాయి మొహం పట్టుకుంది. ఏమయ్యావు నాయనా, ఎంత భయపెట్టావు అంటూ తన శాలువా తీసి ఊచల సందుల్లోంచి ఆయన భుజాల మీద వేసింది. అప్పుడు చూసింది, ఆయన రెండో చెయ్యి ఎవరి భుజం మీద ఉందో.

"ఆ చెయ్యి తియ్యి" అంది. "మీ అన్నని మింగినవాడి మీద చెయ్యి వేస్తావా? ఇవాళ నిన్ను కూడా లోపల పెట్టి తాళం వేయించాడు."

బాబాయి నోరు తెరిచాడు. దవడ కొట్టుకుంటోంది. వదినా అన్నాడు. ఆ తర్వాత మాట రాలేదు. మళ్ళీ తెరిచాడు. అమ్మ శాలువా అంచుతో ఆయన పెదాలు తుడిచింది.

"మాట్లాడకు నాయనా. చలికి గొంతు పట్టేసింది. నువ్వే లేకపోతే నేనూ, ఈ పిల్లా ఏ నూతిలోనో తేలేవాళ్ళం."

బాబాయి కళ్ళు మూసుకున్నాడు.

ముసలాయన ఆయన్ని జాగ్రత్తగా నాకు ఆనించి, ఒక అడుగు పక్కకి జరిగి, అమ్మ ఎదురుగా తల వంచుకు నిలబడ్డాడు.

"అవునమ్మా" అన్నాడు. "ఆ రోజూ నేనే, ఇవాళా నేనే. బిళ్లలు సరిగ్గా చూసుకోలేదు. ఏమన్నా అంటే నన్నను."

అమ్మ అంది. ముప్పై రెండేళ్ళుగా దాచుకున్నదంతా అంది. నీ ఒళ్ళు పురుగులు పట్టిపోనూ అంది. పసిగుడ్డుని తండ్రి మొహం చూడకుండా చేశావు అంది. ఆయన ఒక్కో మాటకీ తల ఊపుతున్నాడు, పొద్దున బిళ్లలు లెక్కపెట్టినంత శ్రద్ధగా. జనంలో ఎవరో ఛీ అన్నారు. ఆయన దానికి కూడా తల ఊపాడు.

నేను ఊరుకోవచ్చు. ఊరుకుంటే జీపు వస్తుంది, గేటు తెరుస్తారు, బస్సెక్కుతాం. అమ్మ బాబాయికి వేడినీళ్ళు పెడుతుంది. రేపు పొద్దున మళ్ళీ ముగ్గురం కలిసి టీ తాగుతాం. ఈ ముసలాయన కిటికీ వెనక్కి వెళ్ళి కూర్చుంటాడు. చెబితే ఆ ఇంట్లో ముగ్గురం ఉండం. అమ్మకి మరిది ఉండడు. నాకున్న ఒక్క తండ్రీ పోతాడు, రెండోసారి.

బాబాయి కళ్ళు తెరిచి నన్ను చూశాడు. చెప్పమనీ అనలేదు, వద్దనీ అనలేదు. నా భుజం మీద ఉన్న ఆయన చెయ్యి మాత్రం కొంచెం కొంచెంగా బరువు తగ్గించుకుంది. తనంతట తాను నిలబడ్డాడు.

ఊచల్లోంచి అమ్మ చెయ్యి పట్టుకున్నాను.

"అమ్మా, ఆయన్ని తిట్టకు. నాన్న లోపల ఉండగా నాన్న బిళ్ల తెచ్చి ఇచ్చిన మనిషి వేరే ఉన్నాడు."

"ఎవరు?" అంది అమ్మ.

"బాబాయి."